గ్రాము బొగ్గులో అర ఎకరం

"అల్లుడా, ఊకతోని బ్యాటరీలు అయితయంట గదా. నిజమేనా?"

శనివారం పొద్దున్నే మామ ఫోన్. ముందు రోజు రాత్రి రిలీజ్ పని రెండింటి దాకా నడిచింది, నేనింకా పక్క మీదే ఉన్నా. "అయితయి మామా, ల్యాబుల్లో" అని సగం నిద్రలో అనేశా. ఆ "ల్యాబుల్లో" అన్న మాట ఆయన చెవిన పడలేదు. తర్వాత ఆయన చెప్పింది విని నా నిద్ర ఎగిరిపోయింది.

బాన్సువాడ దగ్గర మామకు, ఇంకో ముగ్గురు భాగస్తులకు కలిపి ఒక చిన్న రైస్ మిల్లు ఉంది. నిజాంసాగర్ నీళ్లు పారే నేల కాబట్టి వడ్లకు కొదవ లేదు. వడ్లు ఉన్నచోట ఊక గుట్టలు ఉంటాయి. పోయిన వారం సిటీ నుంచి ఇద్దరు వచ్చారట. మీ ఊకను బ్యాటరీ కార్బన్‌గా మార్చే మిషన్ ఇస్తాం, సరుకంతా మేమే కొంటాం, ఫోన్‌ను ఐదు రోజులు నడిపించే కొత్త బ్యాటరీ రాబోతోంది, దానికి ముడిసరుకు ఇదే అని చెప్పారట. మిషన్ ధర 18 లక్షలు. అడ్వాన్స్ 4 లక్షలు. సోమవారం బ్యాంకుకు పోయి అత్త పేరు మీదున్న ఎఫ్‌డీ తీస్తారట.

నేను చదివింది ఇంజినీరింగే గానీ చేసేది సాఫ్ట్‌వేర్. బ్యాటరీలు నా పని కాదు. అయినా ఆ మధ్యాహ్నం జేబీఎస్‌లో బస్సెక్కి, బాన్సువాడలో దిగేదాకా ఫోన్‌లో చదువుతూనే ఉన్నా. మామ మోసపోతున్నాడా, లేక నేనే ఒక మంచి అవకాశాన్ని చెడగొడుతున్నానా? తేల్చుకోవాల్సింది అదే. నాకు అర్థమైనంత వరకు మీకూ చెప్తా. ఎందుకంటే ఆ "ఐదు రోజుల బ్యాటరీ" వీడియో మీ గ్రూపుల్లోనూ తిరిగే ఉంటుంది.

గంధకం మీద అంత ఆశ ఎందుకు?

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో లిథియం-అయాన్ బ్యాటరీ ఉంటుంది. దీన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది 1991లో సోనీ. ఇందులో రెండు వైపులుంటాయి. ఛార్జ్ చేసినప్పుడు లిథియం పోయి కూర్చునే చోటు ఆనోడ్. మనం రీల్స్ చూస్తున్నప్పుడు ఆ లిథియం తిరిగొచ్చి చేరే చోటు కాథోడ్. ఫోన్లలో కాథోడ్‌కు ఎక్కువగా వాడేది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. కోబాల్ట్ ఖరీదైనది, పైగా ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో ఒక్క దేశం నుంచే వస్తుంది.

ఆ కాథోడ్‌లో కోబాల్ట్ తీసేసి గంధకం పెడితే అది లిథియం-సల్ఫర్ బ్యాటరీ. గంధకం అంటే మనకు కొత్తేం కాదు. బూడిద తెగులుకు రైతులు కొట్టేది, దీపావళి టపాకాయల్లో ఉండేది అదే. పెట్రోలు, డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించొద్దన్న బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు అది 50 పీపీఎం. అంటే రిఫైనరీలు ఎలాగూ గంధకాన్ని తీసి పక్కన పెట్టాల్సిందే. చవక, కొరత లేదు.

ఇక అసలు విషయం. సిద్ధాంతం ప్రకారం ఒక గ్రాము గంధకం 1675 ఎంఏహెచ్ ఛార్జ్ పట్టుకోగలదు. కోబాల్ట్ ఆక్సైడ్ గ్రాముకు అటూ ఇటూగా 170 మాత్రమే ఇస్తుంది. కానీ గంధకం వోల్టేజీ తక్కువ, దాదాపు 2.1 వోల్టులు. అదీ కలుపుకొని బస్సులోనే లెక్క వేశా. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీకి దాదాపు 30 గ్రాముల కోబాల్ట్ ఆక్సైడ్ కావాలి. అంతే శక్తికి గంధకం అయితే ఐదారు గ్రాములు చాలు. కాగితం మీద.

కాగితం దాటితే మూడు తిప్పలు

మొదటిది, గంధకం కరెంటును పోనివ్వదు. ప్లాస్టిక్‌కు ప్లగ్ పెట్టినట్టే. రెండోది, లిథియం వచ్చి చేరగానే గంధకం లిథియం సల్ఫైడ్‌గా మారి దాదాపు 80 శాతం ఉబ్బుతుంది. ఛార్జ్ చేస్తే మళ్లీ తగ్గుతుంది. రోజూ ఇలా ఉబ్బి, తగ్గి, ఉబ్బి, తగ్గితే ఏ గోడ నిలబడుతుంది?

మూడోది అన్నింటికన్నా మొండిది. గంధకం అణువులో ఎనిమిది పరమాణువులు గాజులా గుండ్రంగా పట్టుకుని ఉంటాయి. లిథియం వచ్చాక ఆ గాజు ఒక్కసారే ముక్కలు కాదు. ముందు తెరుచుకుని పొడుగాటి గొలుసులవుతుంది, తర్వాత అవి మెల్లమెల్లగా తెగుతాయి. ఈ గొలుసులే పాలీసల్ఫైడ్‌లు. వీటిలో పొడుగాటివి బ్యాటరీలోని ద్రవంలో, అంటే ఎలక్ట్రోలైట్‌లో, కరిగిపోతాయి. కరిగి అవతలి ఒడ్డుకు, ఆనోడ్ దగ్గరికి పోతాయి. అక్కడ పొట్టివై తిరిగొస్తాయి, ఛార్జ్ చేస్తుంటే మళ్లీ పొడుగై మళ్లీ పోతాయి. ప్రయాణికులు లేకుండా బాన్సువాడకు, నిజామాబాద్‌కు మధ్య రోజంతా తిరిగే బస్సును ఊహించుకోండి. డీజిల్ అయిపోతుంది, ఒక్కరూ ఊరు చేరరు. దీన్నే షటిల్ ఎఫెక్ట్ అంటారు. ఈ తిరుగుడులో కొంత గంధకం శాశ్వతంగా చేజారిపోతుంది. మా భాషలో చెప్పాలంటే ఇది మెమరీ లీక్. యాప్ మొదట్లో బాగానే నడుస్తుంది, రోజులు గడిచేకొద్దీ చతికిలబడుతుంది.

చూడండి, మూడు తిప్పలకూ కావాల్సింది ఒకటే: గంధకాన్ని చిన్న చిన్న గదుల్లో పెట్టాలి. గదుల గోడలు కరెంటును మోయాలి. లోపల ఉబ్బడానికి జాగా ఉండాలి. కరిగినది బయటకు పోకుండా గోడలు ఆపాలి. పొలానికి గట్లు వేసినట్టు. ఆ పని చేసేదే రంధ్రాల కార్బన్.

అర ఎకరం లెక్క

దీపపు వత్తి నూనెను పీలుస్తుంది కదా, దానిలో ఉన్న సన్నని సందుల వల్ల. కార్బన్‌లోనూ అలాంటి సందులు చేయొచ్చు, కానీ చాలా చిన్నవి. ఇక్కడ కొలత నానోమీటర్. మీ తల వెంట్రుక మందం వేల నానోమీటర్లు ఉంటుంది. రెండు నానోమీటర్ల కంటే చిన్న రంధ్రాలను మైక్రో అంటారు, 2 నుంచి 50 దాకా మీసో, 50 దాటితే మాక్రో. ఊరితో పోలిస్తే మాక్రో మెయిన్ రోడ్డు, మీసో గల్లీ, మైక్రో ఇంట్లో గది. లిథియం రోడ్డు మీద రావాలి, గల్లీలోకి తిరగాలి. గంధకం గల్లీలోనో గదిలోనో ఉండాలి. అన్నీ గదులే కట్టి రోడ్లు మరిచిపోతే ఊరు నడవదు.

బొగ్గును పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి గాలి తగలకుండా 700, 800 డిగ్రీల దగ్గర కాలిస్తే లోపల లెక్కలేనన్ని సందులు పడతాయి. అలా చేసిన కార్బన్ ఒక గ్రాము తీసుకుని, దాని లోపలి గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే 2000 చదరపు మీటర్లు దాటొచ్చు. మన లెక్కలో దాదాపు 20 గుంటలు. అంటే అర ఎకరం!

ఈ మాట చెప్తే మామ నవ్వాడు. "ఎకరం ధర తెలుసా ఇక్కడ? గ్రాముల్ల దొరికితే నేను వడ్లెందుకు ఆడిస్త?"

చక్కెర పోసి తీసిన అచ్చు

ఈ ఆలోచనకు గట్టి ఊపు వచ్చింది 2009లో. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో లిండా నాజర్ బృందం సీఎంకే-3 అనే కార్బన్‌ను తీసుకుంది. అది అంతకు తొమ్మిదేళ్ల ముందు దక్షిణ కొరియాలో తయారైంది. దాన్ని చేసే తీరు మన వంటింటికి దగ్గరగా ఉంటుంది. తేనెపట్టులా వరుసగా సన్నని గొట్టాలున్న సిలికా అచ్చు ఒకటి ఉంటుంది. అందులో చక్కెర ద్రావణం పోస్తారు. వేడి చేసి ఆ చక్కెరను బొగ్గు చేస్తారు. చివర్లో సిలికాను కరిగించి తీసేస్తారు. అచ్చు పోయిన చోట ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలే మూడు నాలుగు నానోమీటర్ల గల్లీలు.

నాజర్ బృందం గంధకాన్ని 155 డిగ్రీల దగ్గర కరిగించి ఆ గల్లీల్లోకి ఎక్కించింది. ఆ ఉష్ణోగ్రతే ఎందుకంటే గంధకం అక్కడ బాగా పల్చగా ఉంటుంది. ఇంకొన్ని డిగ్రీలు పెరిగితే ముదిరిన బెల్లం పాకంలా చిక్కబడిపోతుంది. పల్చటి గంధకాన్ని కార్బన్, వత్తి నూనెను పీల్చినట్టే, తనంతట తానే పీల్చుకుంది. గ్రాము గంధకానికి 1320 ఎంఏహెచ్ దాకా వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇదే దారి పట్టింది.

కానీ కార్బన్ ఒక్కటే సరిపోదని కూడా త్వరలోనే తేలింది. కార్బన్‌కు, పాలీసల్ఫైడ్‌కు మధ్య బంధం తామరాకు మీద నీటిబొట్టు లాంటిది. ఆనుకుని ఉంటుంది, అంటుకోదు. అందుకే కార్బన్‌లో నైట్రోజన్ కలపడం, లోహ ఆక్సైడ్‌లు చల్లడం లాంటివి మొదలయ్యాయి. టెక్సస్ యూనివర్సిటీలో అరుముగం మంథిరామ్ బృందం 2012లో కాథోడ్‌కు, సెపరేటర్‌కు మధ్య ఒక కార్బన్ పొరను అడ్డం పెట్టి చూసింది. తప్పించుకు వచ్చిన పాలీసల్ఫైడ్‌ను పట్టుకునే రెండో గట్టు అన్నమాట. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో లీలా మోహన రెడ్డి అరవ బృందం 2015లో ఇంకో దారి చూపించింది. పాలీసల్ఫైడ్‌ను ఆపడమే కాదు, ప్లాటినం లాంటి ఉత్ప్రేరకంతో అక్కడికక్కడే తొందరగా మార్చేస్తే పారిపోయే టైమే ఉండదు కదా అని.

ఊకలో పుట్టుకతోనే అచ్చు

ఇక మామ ప్రశ్న. ఊకతో అవుతుందా?

వరి మొక్క వేళ్లతో నేలలోని సిలికాను పీల్చుకుంటుంది. దాన్ని తెచ్చి ఎక్కువగా గింజ పైపొట్టులో దాచుకుంటుంది. పశువులు ఊకను ఇష్టంగా తినకపోవడానికి, చేతికి గరుకుగా తగలడానికి ఇదో కారణం. ఊక బరువులో 15 నుంచి 20 శాతం దాకా సిలికాయే. అంటే కొరియా వాళ్లు ల్యాబులో కష్టపడి చేసుకున్న సిలికా అచ్చు మన ఊకలో పుట్టుకతోనే ఉంది! గాలి తగలకుండా ఊకను కాలిస్తే కార్బన్, సిలికా కలిసిన బొగ్గు వస్తుంది. కాస్టిక్ సోడాతో సిలికాను కడిగేస్తే అది ఉన్న చోట రంధ్రాలు మిగులుతాయి. ఇలా తీసిన కార్బన్‌లో గంధకం నింపి కాథోడ్‌లు చేసి చూసిన పరిశోధన పత్రాలు నిజంగానే ఉన్నాయి. మన దేశంలోనూ వ్యర్థాల వైపు చూపు ఉంది. షివ్ నాడార్ యూనివర్సిటీ, ఐఐటీ బాంబే కలిసి గంధకానికి తోడుగా జీడి గింజల తయారీలో మిగిలే కార్డనాల్‌ను, లవంగ నూనెలోని యూజినాల్‌ను వాడి కాథోడ్ చేశాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో వ్యర్థాల నుంచి సూపర్ కెపాసిటర్లకు పనికొచ్చే రంధ్రాల కార్బన్ మీద పని జరిగింది.

కాబట్టి ఆ ఇద్దరూ చెప్పిన దాంట్లో సైన్స్ అబద్ధం కాదు. మామతో ముందు ఆ మాటే చెప్పా.

ఆదివారం పొద్దున మిల్లు వెనక్కి పోయాం. బాయిలర్ నుంచి వచ్చిన బూడిద గుట్టగా పడి ఉంది. "ఇది సుత పనికొస్తదన్నరు" అన్నాడు మామ. ఒక గుప్పెడు తీసుకుని చూపించా. "మామా, ఇది గాలి తగిలి కాలింది. కార్బన్ చానావరకు పొగల పోయింది. మిగిలింది ఎక్కువగా సిలికానే. మనకు కావాల్సింది పోయింది, తీసేయాల్సింది మిగిలింది." మామ ఆ బూడిదను వేళ్ల మధ్య నలిపి కాసేపు ఏం మాట్లాడలేదు.

మరి ఐదు రోజుల ఫోన్ ఏది?

ఐదు రోజుల ఫోన్ హెడ్‌లైన్ మొదట వచ్చింది 2020 జనవరిలో. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన అది. ఉబ్బడానికి జాగా వదిలేలా కార్బన్, గంధకం రేణువులను సన్నని జిగురు వంతెనలతో కలిపారు. మంచి పనే. కానీ అప్పటి నుంచి మనం ఎన్ని ఫోన్లు మార్చాం? ఆ బ్యాటరీ మన జేబులోకి రాలేదు.

కారణం ఖాళీయే. ఇంతసేపూ ఖాళీని పొగిడా కదా, ఇప్పుడు దాని ఖర్చు చూద్దాం. కార్బన్ గోడలు గంధకాన్ని కాపాడతాయి గానీ అవి స్వయంగా శక్తిని దాచవు. గోడలే ఎక్కువైతే గోదాము పెద్దది, ధాన్యం తక్కువ. పైగా ప్రతి ఖాళీనీ ఎలక్ట్రోలైట్‌తో తడపాలి, ఆ ద్రవానికి బరువుంది. అందుకే గ్రాము గంధకానికి 1300 వచ్చిందంటే మొత్తం బ్యాటరీకి అంత వచ్చినట్టు కాదు. ల్యాబులో షర్టు గుండీ అంత సెల్‌లో, పల్చగా గంధకం పూసి, కావాల్సినంత ద్రవం పోసి చేస్తే ఏ నంబరైనా అందంగా వస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ పాసై, ప్రొడక్షన్‌లో పడిపోయిన కోడ్ నాకు గుర్తొచ్చింది.

ఇంకోటి. లిథియం-సల్ఫర్ బ్యాటరీ తేలిక, కానీ చిన్నది కాదు. ఫోన్‌లో మనకు కరువు చోటే, బరువు కాదు. అందుకే ఈ బ్యాటరీ నిజంగా పనికొచ్చిన చోటు ఆకాశం. 2010 జులైలో జెఫిర్ అనే మనిషి లేని సోలార్ విమానం రెండు వారాలు ఏకధాటిగా ఎగిరింది. పగలు ఎండతో ఛార్జ్ చేసుకుని, రాత్రిళ్లు లిథియం-సల్ఫర్ బ్యాటరీలతో నడిచింది. అక్కడ ప్రతి గ్రాము లెక్కే. అయినా ఈ దారి నున్నగా లేదు. ఇదే బ్యాటరీ మీద ఏళ్ల తరబడి పని చేసిన బ్రిటన్ కంపెనీ ఆక్సిస్ ఎనర్జీ 2021లో చేతులెత్తేసింది. అమెరికాలో లైటెన్ లాంటి కంపెనీలు ఇంకా పట్టు వదల్లేదు. మన రాష్ట్రం సంగతి చూస్తే, మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల పెట్టుబడితో ప్రకటించిన గిగా కారిడార్ కూడా లిథియం-అయాన్ సెల్స్ కోసమే. అంటే ఇవాళ బాన్సువాడలో గంధకం బ్యాటరీకి కార్బన్ చేస్తే, దాన్ని టన్నుల్లో కొనే గేటు దగ్గర్లో నాకైతే కనిపించలేదు.

సోమవారం

"అయితే వద్దంటవా?" అన్నాడు మామ. రాత్రి అన్నాలు తింటున్నాం. అత్త గిన్నె పట్టుకుని మాకేసి చూస్తోంది. ఎఫ్‌డీ ఆమెది.

వద్దు అనే హక్కు నాకు లేదు. పైసలు వాళ్లవి. అందుకే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసిచ్చా. వాళ్లు రాతపూర్వకంగా జవాబిస్తేనే బ్యాంకుకు పొమ్మన్నా.

ఒకటి, మీ మిషన్‌లో మా ఊకే వేసి తీసిన కార్బన్‌కు పరీక్ష రిపోర్టు ఉందా? గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లు, రంధ్రాలు ఏ సైజు, కడిగాక ఇంకా ఎంత సిలికా మిగిలింది? ప్రతి లోడుకూ అదే వస్తుందా? వడ్ల రకం మారితే ఊక మారుతుంది, బ్యాటరీకి మాత్రం రోజూ ఒకే సరుకు కావాలి.

రెండు, సరుకు కొనేది ఏ బ్యాటరీ కంపెనీ? వాళ్ల ఆర్డర్ కాపీ ఏది?

మూడు, సిలికాను కడిగిన కాస్టిక్ నీళ్లు ఎక్కడికి పోతాయి?

మూడోది చదవగానే అత్త మొదటిసారి నోరు తెరిచింది. "కాలువలకే పోతయి, ఇంకేడికి పోతయి? ఆ నీళ్లే మన మడికి వస్తయి."

సోమవారం మామ బ్యాంకుకు పోలేదు. ఆ ఇద్దరికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలూ చదివి వినిపించాడు. "సార్, ఇవన్నీ టెక్నికల్, మీకెందుకు? మేం చూసుకుంటం" అన్నారట. రాసి పంపమంటే సరేనన్నారు. మూడు వారాలైంది, ఇంకా పంపలేదు. పంపితే చదువుతాం. ఊకలో దమ్ముందన్న మాట నేను వెనక్కి తీసుకోవట్లేదు. పరీక్షలకు నిలిచే కార్బన్ ఏదో ఒక రోజు మన జిల్లాల ఊక నుంచే రావొచ్చు. కానీ ఆ రోజు వరకు నడవాల్సిన ప్రయోగం ఖర్చు అత్త ఎఫ్‌డీ మీద పడకూడదు, అంతే.

మామలో ఒక మార్పు మాత్రం వచ్చింది. మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరు ఏ బ్యాటరీ వీడియో పెట్టినా, కింద మొదటి కామెంట్ ఆయనదే.

"గ్రాముకా, సెల్లుకా?"